అప్పిచ్చిన అంతర్జాతీయ బ్యాంకును బాధితులు నిలదీయగలరా?

తూరుపుగాలి (ప్రశ్న)

మా మేనమామ కుటుంబం ఇరవై రెండేళ్లుగా రోడ్డు పక్క పోరంబోకులో ఇటుక గోడల మీద రేకులు కప్పుకొని టిఫిన్ హోటల్ నడుపుకుంటోంది. వెనుక రెండు గదుల్లోనే వారి కాపురం. ఆ రోడ్డును ఇప్పుడు ఒక అంతర్జాతీయ బ్యాంకు అప్పుతో వెడల్పు చేస్తున్నారు. ఏ జిల్లానో, ఏ బ్యాంకో ఇక్కడ రాయడం మామయ్యకు ఇష్టం లేదు కనుక రాయడం లేదు. సర్వేకు వచ్చినవారు టేపుతో కొలతలు తీసుకొని, ఉత్తరపు గోడ మీద ఎర్ర రంగుతో 47 అని అంకె వేసి, ఇంట్లో ఎందరున్నారో, రోజుకు ఎన్ని ప్లేట్ల ఇడ్లీ అమ్ముడవుతుందో కూడా అడిగి రాసుకొని వెళ్లారు. తీరా సచివాలయంలో పరిహారం అందేవారి జాబితా అంటించిన రోజున చూస్తే అందులో 46 తరువాత 48 ఉంది. మామయ్య పేరు లేదు.

అడగడానికి వెళ్తే, పట్టా లేని స్థలానికి పరిహారం ఎక్కడిదని కార్యాలయంలో అన్నారు. అప్పిచ్చిన బ్యాంకుకు రాస్తానని నేను అంటే, డబ్బిచ్చేవారికి మీతో ఏం సంబంధమని నవ్వారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ప్రపంచ బ్యాంకు వర్గానికి చెందిన సంస్థ మీద గుజరాత్ మత్స్యకారులు అమెరికా సుప్రీంకోర్టులో గెలిచారని ఎక్కడో చదివాను. అది నిజమేనా? నిజమైతే ఆ దారి మావంటి వారికి కూడా తెరిచి ఉన్నట్టేనా? అప్పు ఇచ్చిన సంస్థకు, ఆ అప్పు వల్ల నష్టపోయిన మనిషికి మధ్య చట్టం దృష్టిలో సంబంధం అంటూ ఉందా లేదా అన్నదే నా అసలు ప్రశ్న. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

వకాల్తా

మీరు చదివినది నిజమే, కానీ సగమే. మిగతా సగం తెలియకపోతే ఆ తీర్పు మీద లేనిపోని ఆశ పెట్టుకునే ప్రమాదం ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్రపంచ బ్యాంకు వర్గంలో ప్రైవేటు కంపెనీలకు అప్పులిచ్చే విభాగం అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్, అంటే ఐఎఫ్‌సీ. గుజరాత్‌లోని కచ్ జిల్లాలో ముంద్రా దగ్గర టాటా పవర్ అనుబంధ కంపెనీ కడుతున్న 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి ఈ సంస్థ 2008లో 45 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. పర్యావరణానికి, చుట్టుపక్కల ప్రజలకు హాని కలగకుండా పాటించవలసిన షరతులు ఆ అప్పు ఒప్పందంలోనే ఉన్నాయి. కంపెనీ వాటిని పాటించలేదనీ, పాటించేలా చూడవలసిన ఐఎఫ్‌సీ చూడలేదనీ, దాని వల్ల తమ గాలి, నీరు, చేపలవేట, పొలాలు దెబ్బతిన్నాయనీ ఆరోపిస్తూ అక్కడి మత్స్యకారులు, రైతులు, ఒక గ్రామ పంచాయతీ కలిసి 2015లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టులో దావా వేశారు. దానినే జామ్ వర్సెస్ ఐఎఫ్‌సీ కేసు అంటారు.

అమెరికాలో 1945 నాటి ఒక చట్టం ప్రకారం, విదేశీ ప్రభుత్వాలకు కోర్టుల నుంచి ఎంత రక్షణ ఉందో అంతర్జాతీయ సంస్థలకూ అంతే ఉంటుంది. 1945లో విదేశీ ప్రభుత్వాలకు ఉన్నది దాదాపు సంపూర్ణ రక్షణ. 1976లో వచ్చిన మరో చట్టం దానిని కుదించి, వ్యాపార కార్యకలాపాల విషయంలో విదేశీ ప్రభుత్వాల మీద కూడా దావా వేయవచ్చని చెప్పింది. మరి అంతర్జాతీయ సంస్థలకు వర్తించేది 1945 నాటి కొలతా, ఇప్పటి కొలతా? ఇదీ అక్కడి చిక్కు. కింది కోర్టులు రెండూ సంస్థ పక్షానే నిలిచాయి. 2019 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు 7–1 ఆధిక్యంతో ఇప్పటి కొలతే వర్తిస్తుందని తేల్చింది. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాసిన ఆ తీర్పుతో సంపూర్ణ రక్షణ అనే గోడ కూలింది. మీరు చదివిన వార్త ఇదే.

అయితే కేసు అక్కడితో అయిపోలేదు. తిరిగి కింది కోర్టుకు వెళ్లినప్పుడు, దావాకు ఆధారమైన కార్యకలాపం అమెరికాలో జరిగినదై ఉండాలన్న నియమం అడ్డు వచ్చింది. అప్పు మంజూరైనది వాషింగ్టన్‌లో కావచ్చు గానీ, ఫిర్యాదుకు మూలమైన పని, అంటే ప్లాంటు కట్టడం, నడపడం, భారతదేశంలో జరిగింది కనుక తాము విచారించలేమని 2020లో జిల్లా కోర్టు దావాను కొట్టివేసింది. 2021లో అప్పీలు కోర్టు దానినే ఖరారు చేసింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మరోసారి విచారించడానికి నిరాకరించింది. ఏడేళ్లు నడిచిన ఈ కేసులో సంస్థ తప్పు చేసిందా లేదా అన్న అసలు ప్రశ్నను ఏ న్యాయమూర్తీ తేల్చలేదు. నాకు అన్నింటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

మన కోర్టుల సంగతికి వస్తే, ప్రపంచ బ్యాంకుకు 1945, ఐఎఫ్‌సీకి 1958, ఆసియా అభివృద్ధి బ్యాంకుకు 1966 నాటి పార్లమెంటు చట్టాలు ప్రత్యేక రక్షణలు కల్పించాయి. కాబట్టి బ్యాంకును కోర్టుకు ఈడ్చడం మీకు దగ్గరి దారి కాదు. ప్రాజెక్టు చేపట్టిన ప్రభుత్వ శాఖ మీద హైకోర్టుకు వెళ్లే హక్కు మాత్రం మీకు ఎప్పుడూ ఉంటుంది. జాబితాలో అంకె మాయమైన తీరు అక్కడ గట్టిగా వాదించదగిన అంశం.

ఉప్పుగాలి

నేను తీరప్రాంత జీవనోపాధుల మీద పనిచేస్తుంటాను. ముంద్రా కేసులో అందరూ చట్టం గురించే మాట్లాడతారు గానీ, తూరుపుగాలి గారి మామయ్య కథకూ ఆ కేసుకూ ఉన్న అసలు పోలిక మరొకచోట ఉందని నాకు అనిపిస్తోంది.

కచ్ తీరంలో వాఘేర్ అనే ముస్లిం మత్స్యకార సముదాయం ఉంది. వీరు ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు ఊళ్లు వదిలి పిల్లాపాపలతో సహా సముద్రపు ఒడ్డుకు తరలివచ్చి, గుడిసెలు వేసుకొని, అక్కడే వేటాడి, అక్కడే చేపలు ఎండబెట్టి అమ్ముకొని, వానాకాలానికి మళ్లీ ఊరు చేరతారు. ఆ మకాములను వారు బందర్ అంటారు. పడవ కొనలేనివారు సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో బురద మేటల మీద నడుచుకుంటూ వెళ్లి వలలు కట్టి వస్తారు. వీరిని పగడియాలు అంటారు, అంటే కాలినడకన వేటాడేవారు. ఒడ్డున కర్రలు పాతి తాళ్లు కట్టి, వాటి మీద బొంబిల్ చేపను దవడతో దవడ తగిలించి జంటలుగా వేలాడదీస్తారు. మన వైపు ఇసుక మీద, వలల మీద పరిచి ఎండబెట్టే పద్ధతికి ఇది పూర్తిగా భిన్నం. ఆ తాళ్ల మీద బొగ్గు నుసి, బూడిద పడితే ఆ చేపకు ధర ఉండదు. ప్లాంటును చల్లబరచిన వేడినీరు తిరిగి సముద్రంలోకి వదిలితే కాలినడక దూరంలోని చేప లోతుకు పోతుంది. పడవ ఉన్నవాడు వెంట వెళ్లగలడు, పగడియా వెళ్లలేడు. మత్స్యకారుల ఫిర్యాదు సారాంశం ఇదే.

వారి సంఘం 2011లో ఐఎఫ్‌సీ అంతర్గత జవాబుదారీ విభాగమైన సీఏఓకు ఫిర్యాదు చేసింది. 2013లో వెలువడిన ఆ విభాగపు ఆడిట్ నివేదిక, ఒడ్డున కాలానుగుణంగా నివసించే ఈ కుటుంబాలతో తొలి దశలో సరైన సంప్రదింపులు జరగలేదనీ, ప్లాంటు రాకముందు వారి బతుకుతెరువు ఎలా ఉండేదో తెలిపే మూల సమాచారం చాలినంతగా సేకరించలేదనీ, ఐఎఫ్‌సీ దీనిని పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదనీ తేల్చింది. ఒడ్డున వారికి పట్టాలు లేవు, ఏడాది పొడుగునా అక్కడ ఉండరు కూడా. అందుకే లెక్క వేసేవారి కంటికి వారు ఆనలేదు. పోరంబోకులో ఉన్నందుకు మీ మామయ్య ఆనకపోవడమూ ఆ కోవలోదే.

ఈ నివేదికకు ఐఎఫ్‌సీ యాజమాన్యం ఇచ్చిన జవాబు, చాలావరకు తమ నిర్ణయాల సమర్థనే. సొంత ఇంటి ఆడిటరు తప్పు పట్టినా దిద్దుబాటు జరగనప్పుడు మాత్రమే మత్స్యకారులు అమెరికా కోర్టు మెట్లు ఎక్కారన్న సంగతి మరచిపోకూడదు. అదే ప్లాంటుకు ఆసియా అభివృద్ధి బ్యాంకు కూడా 45 కోట్ల డాలర్లు ఇచ్చింది. దాని సమీక్షా మండలి సైతం 2015లో లోపాలను గుర్తించింది. రెండు బ్యాంకుల సొంత విభాగాలు తప్పుందని రాశాక కూడా మత్స్యకారుడి చేతికి నష్టపరిహారం రాకపోవడం ఈ వ్యవస్థలోని అతిపెద్ద లోపమని నేను నమ్ముతాను. తప్పు కనిపెట్టే అధికారం ఈ విభాగాలకు ఉంది, పరిహారం ఇప్పించే అధికారం లేదు.

గ్రంథాలయం

ఒక భిన్నాభిప్రాయం చెప్పనివ్వండి. అప్పు తీసుకున్నది మనం ఎన్నుకున్న ప్రభుత్వం. భూమి సేకరించేదీ, జాబితా రాసేదీ మన అధికారులు. తప్పు ఇక్కడ జరిగితే జవాబు ఇక్కడే రాబట్టాలి గానీ, వాషింగ్టన్‌కో ఆసియా అభివృద్ధి బ్యాంకు ఉన్న మనీలాకో అర్జీలు పంపుకోవడం మన గ్రామసభను, మన శాసనసభను మనమే చిన్నబుచ్చుకోవడం కాదా? పైగా ఫిర్యాదులు పెరిగితే బ్యాంకు తప్పుకుంటుంది, రోడ్డు ఆగిపోతుంది, బాధితుడి బాధ మాత్రం అలాగే ఉంటుంది. అమరావతి విషయంలో ఏం జరిగిందో చూశాం కదా. 2017లో కొందరు రైతులు, బ్యాంకు తన నియమాలను పాటించిందో లేదో విచారించే ప్రపంచ బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌కు ఫిర్యాదు చేశారు. 2019 జూలైలో కేంద్రం తన అభ్యర్థనను వెనక్కి తీసుకోవడంతో బ్యాంకు ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. ఫిర్యాదులోని ప్రశ్నలకు జవాబు దొరకనే లేదు.

వకాల్తా

గ్రంథాలయం గారి మాటలో రెండో భాగంతో ఏకీభవిస్తాను. బ్యాంకు తప్పుకోవడం బాధితుడికి న్యాయం కాదు. ఉగాండాలో ఒక రోడ్డు ప్రాజెక్టులో పనివాళ్లు స్థానిక బాలికల మీద లైంగిక దాడులకు పాల్పడ్డారన్న ఫిర్యాదు తరువాత 2015 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు ఆ ప్రాజెక్టును రద్దు చేసింది. రద్దు అనగానే గెలుపుగా కనిపిస్తుంది గానీ, ఆ పిల్లల చికిత్సకు, చదువుకు ఎవరు పూచీ అన్న ప్రశ్న రద్దుతో తీరలేదు. దాని కోసం ఆ తరువాత వేరే కార్యక్రమాలు చేపట్టవలసి వచ్చింది.

మొదటి భాగంతో మాత్రం ఏకీభవించలేను. అప్పిచ్చే సంస్థ ప్రేక్షకురాలు కాదు. ఫలానా వారితో సంప్రదించాలి, ఫలానా వారికి పునరావాసం ఇవ్వాలి అని తానే నియమాలు రాసి, వాటిని చూపించి తన డబ్బు మంచి డబ్బు అని లోకానికి చెప్పుకుంటుంది. నువ్వు రాసుకున్న నియమాన్ని నువ్వు పాటించావా అని దానిని అడగడం మన శాసనసభను తక్కువ చేయడం కాదు. గ్వాటెమాలాలో చిక్సోయ్ జలవిద్యుత్ ఆనకట్టకు ప్రపంచ బ్యాంకు, అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు అప్పులిచ్చాయి. ఆ ముంపు ప్రాంతంలో ఖాళీ చేయడానికి నిరాకరించిన రియో నెగ్రో గ్రామస్తులను 1982లో సైన్యం, దాని వెంట ఉన్న సాయుధ దళాలు వరుసగా ఊచకోత కోశాయి. చనిపోయినవారు నాలుగు వందల మందికి పైనే. బాధితులకు 15.4 కోట్ల డాలర్ల పరిహార ప్రణాళికను గ్వాటెమాలా ప్రభుత్వం 2014లో ఆమోదించింది, అంటే 32 ఏళ్లకు. భారం ప్రభుత్వం మీద పడింది. అప్పును వడ్డీతో వసూలు చేసుకున్న బ్యాంకుల మీద పడలేదు. బాధ్యత అంతా దేశంలోనే ఉందని అంటే ఆచరణలో అది ఇలా ముగుస్తుంది.

ఇంకొక సంగతి. ఈ ఫిర్యాదు వ్యవస్థ పుట్టిందే మన నేల మీది పోరాటం వల్ల. నర్మద మీది ఆనకట్ట సర్దార్ సరోవర్‌కు 1985లో ప్రపంచ బ్యాంకు ఇచ్చిన అప్పు కూడా, విచిత్రంగా, 45 కోట్ల డాలర్లే. నర్మదా లోయ ప్రజల ఆందోళన వల్ల బ్యాంకు స్వతంత్ర సమీక్ష వేయించింది. 1992లో మోర్స్ కమిషన్ అనే ఆ సమీక్షా బృందం పునరావాసంలో, పర్యావరణ రక్షణలో తీవ్ర లోపాలున్నాయని నివేదించింది. 1993 మార్చిలో భారత ప్రభుత్వం మిగిలిన అప్పు వద్దనుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ ఏర్పాటుకు బ్యాంకు బోర్డు తీర్మానించింది. కనుక దానిని పరాయి దేశపు గుమ్మంగా చూడనవసరం లేదు. అది మన వాళ్లు కొట్లాడి తెరిపించిన గుమ్మం.

పాత ఇంజనీరు

అమ్మా, నేను విదేశీ రుణంతో నడిచిన ఒక రోడ్డు ప్రాజెక్టు అమలు విభాగంలో తొమ్మిదేళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. ఏ ప్రాజెక్టో చెప్పను. మీ మామయ్యకు చెప్పిన మాటే మేమూ ఎందరికో చెప్పాం. తప్పని తెలిసి చెప్పినవాళ్లం కొందరం, తెలియక చెప్పినవాళ్లు కొందరు. ఇప్పుడు మీకు ఉపయోగపడేది చెబుతాను.

పట్టా లేకపోతే ఏమీ రాదన్నది సరికాదు. ప్రపంచ బ్యాంకు సామాజిక ప్రమాణాల్లోనూ, ఆసియా అభివృద్ధి బ్యాంకు 2009 నాటి రక్షణ విధానంలోనూ, భూమి మీద చట్టబద్ధమైన హక్కు లేకుండా అక్కడ నివసిస్తున్నవారిని, వ్యాపారం చేసుకుంటున్నవారిని కూడా బాధితులుగానే గుర్తించారు. వారికి భూమి ధర రాదు. కానీ కట్టడానికి పరిహారం, పునరావాస సహాయం రావాలి. దీనికి ముఖ్యమైన షరతు కటాఫ్ తేదీ, అంటే సర్వే నాటికే మీరు అక్కడ ఉన్నట్టు తేలాలి. మీ గోడ మీది 47 ఆ విషయంలో మీ ప్రధాన సాక్ష్యం. మేము సర్వే చేసేటప్పుడు ప్రతి అంకెకూ ఒక ఫారం ఉండేది, కుటుంబ పెద్దను గోడ ముందు నిలబెట్టి ఫొటో తీసేవాళ్లం. ఆ ఫారం కన్సల్టెంటు దగ్గరా, అమలు విభాగం దగ్గరా తప్పక ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద 46, 47, 48 మూడు ఫారాల నకళ్లూ అడగండి. ఒక్క 47 అడిగితే దొరకలేదని రాసి పంపేస్తారు. మూడూ అడిగితే అటూ ఇటూ ఉన్నవి ఇచ్చి మధ్యది ఎందుకు లేదో రాయవలసి వస్తుంది.

పునరావాస ప్రణాళిక బ్యాంకు వెబ్‌సైటులో ప్రాజెక్టు పేరు కొడితే దొరుకుతుంది. అందులో అర్హతల పట్టిక ఒకటి ఉంటుంది. ఎవరికి ఏమేమి రావాలో అందులో వరుసగా రాసి ఉంటుంది, పట్టా లేనివారి వరుస కూడా. ఆ పేజీ ముద్రించుకొని అర్జీకి జతచేయండి. కార్యాలయంలో ఆ పేజీ చూపించినవారితో మాట్లాడే తీరు మారిపోవడం నేను స్వయంగా చూశాను.

తరువాత, ప్రాజెక్టు ఫిర్యాదుల కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. దాని నకలు బ్యాంకు ఢిల్లీ కార్యాలయానికి కూడా పంపండి. ఇది లాంఛనం కాదు. ముందుగా తమ సిబ్బంది దృష్టికి తెచ్చారా అని ప్రపంచ బ్యాంకు ప్యానెలూ అడుగుతుంది, ఆసియా అభివృద్ధి బ్యాంకు విభాగమూ అడుగుతుంది. ఆ రెండు చోట్లా కనీసం ఇద్దరు బాధితులు కలిసి ఫిర్యాదు చేయాలి. ఐఎఫ్‌సీ సీఏఓకు అయితే ఒక్కరు చాలు. లాయరు అక్కరలేదు, ఇంగ్లీషూ అక్కరలేదు, తెలుగులో రాసినా తీసుకుంటారు. పేరు గోప్యంగా ఉంచమని కోరవచ్చు. మామయ్య భయం నాకు అర్థమైంది కనుక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

గడువు మాత్రం మరవకండి. రుణం ముగింపు తేదీ తరువాత ప్రపంచ బ్యాంకు ప్యానెల్‌కు 15 నెలల్లోపు, ఆసియా అభివృద్ధి బ్యాంకుకు రెండేళ్లలోపు ఫిర్యాదు చేరాలి. అయితే అంతవరకు ఆగడం పొరపాటు. డబ్బు విడతలుగా విడుదలవుతున్న కాలంలోనే బ్యాంకు మాటకు బరువు ఉంటుంది. పునరావాసం పూర్తికాని చోట పని మొదలుపెట్టడానికి వారు ఒప్పుకోరు, ఆ ఒక్క కారణంతో మా కాంట్రాక్టరు నాలుగు కిలోమీటర్ల మేర యంత్రాలు దింపకుండా నెలల తరబడి ఆగిన సందర్భం నాకు గుర్తుంది. ఆ నెలల్లోనే మేము వదిలేసిన పేర్లు మళ్లీ జాబితాలోకి ఎక్కాయి.

ఉప్పుగాలి

పాత ఇంజనీరు గారు చెప్పినదానికి ఒక్క చేర్పు. 2024 డిసెంబరులో అమరావతికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 78.88 కోట్ల డాలర్లు మంజూరు చేశాయి. అక్కడ భూమి ఇచ్చిన రైతు సంగతి అందరికీ తెలుసు. ఆ భూముల్లో కూలి చేసుకున్నవారి, కౌలు చేసుకున్నవారి సంగతి అంతగా ఎవరూ అడగరు. ఈ నియమాలు వారికి కూడా వర్తిస్తాయి. ఈ చర్చ చదువుతున్న ఆ ప్రాంతం వారెవరైనా ఉంటే అర్హతల పట్టికలో తమ వరుస ఏదో ఇప్పుడే చూసుకోవాలని నా విన్నపం.

తూరుపుగాలి

అందరికీ కృతజ్ఞతలు. పునరావాస ప్రణాళిక దొరికింది. పాత ఇంజనీరు గారు చెప్పినట్టే పట్టా లేని దుకాణదారులకు వేరే వరుస ఉంది. ఆ పేజీ తెలుగులోకి రాసి మామయ్యకు చదివి వినిపించాను. ఆయన రెండుసార్లు చదివించుకొని, ఇదే ముక్క ఆ రోజు వాళ్లకు తెలియదా అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

మరో ఇద్దరి అంకెలు కూడా జాబితాలో లేవని విచారిస్తే తెలిసింది. ఒకరిది సైకిలు రిపేరు కొట్టు, మరొకరిది ఇస్త్రీ బండి. ముగ్గురం కలిసి కమిటీకి అర్జీ రాస్తున్నాం. సమాచార హక్కు దరఖాస్తు నిన్ననే పోస్టు చేశాను, పక్క అంకెల ఫారాలతో సహా అడిగాను. పండగకు గోడలకు సున్నం వేయించాలని అత్తయ్య అప్పటికే పనివాడిని మాట్లాడారట. ఉత్తరపు గోడ ఒక్కటి వదిలేయమని చెప్పాను.